లండన్ బరోలో కొత్త కాపురం: కౌన్సిల్ సేవలు అందుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పోయిన ఏడాది ఈస్ట్ హామ్‌లో ఉంటున్న ఒక కుర్రాడు బ్యాగులోంచి ఒక బ్రౌన్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. ఎంఎస్సీ కోసం వచ్చి అప్పటికి రెండు నెలలు. కవరు వచ్చి మూడు వారాలైంది, చింపనేలేదు. "గవర్నమెంటు లెటర్ అన్నా, ఏముందో అని టెన్షన్" అన్నాడు. చింపి చూస్తే కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ పంపే ఇంటిపన్ను. ఆ ఇంట్లో ఉన్న నలుగురూ ఫుల్‌టైమ్ విద్యార్థులే. నలుగురూ యూనివర్సిటీ నుంచి స్టూడెంట్ సర్టిఫికెట్ తెచ్చి కౌన్సిల్ వెబ్‌సైట్లో పెడితే ఆ బిల్లు సున్నా అవుతుంది. అదే జరిగింది కూడా. కానీ ఆ మూడు వారాలూ అతను సరిగా నిద్రపోలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కౌన్సిల్ విషయంలో ఇది అక్షరాలా నిజం. తగ్గింపు ఉంటుంది, మనం అడగాలి. ఓటు ఉంటుంది, మనం నమోదు చేసుకోవాలి. వీధిలో దీపం వెలగకపోతే మనమే చెప్పాలి. ఏళ్లుగా ఇక్కడ ఉన్నవాళ్లలో కూడా చాలామంది పన్ను కట్టడం వరకే కౌన్సిల్‌ను ఎరుగుదురు. అందుకే కొత్తగా దిగినవాళ్లు ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

1. మీ బరో ఏదో, మీ వార్డు ఏదో తేల్చుకోండి

లండన్‌లో 32 బరోలున్నాయి, వాటికి తోడు సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్. ఈ ఏర్పాటు 1965 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఊరంతటికీ ఒకే కార్పొరేషన్ చూసిన మనకు ఇది కొత్త. ఇక్కడ ప్రతి బరో ఒక విడి మున్సిపాలిటీ లాంటిది. పన్ను రేటు వేరు, చెత్త డబ్బాల రంగు వేరు, పార్కింగ్ పర్మిట్ ధర వేరు. హౌన్స్‌లోలో ఉన్న ఫ్రెండ్ చెప్పిన మాట హారోలో చెల్లకపోవచ్చు.

అడ్రస్ చూసి బరో ఏదో ఊహించుకోవద్దు. 1965లోనే మిడిల్‌సెక్స్ కౌంటీ కౌన్సిల్ రద్దయినా, వెంబ్లీ, హారో అడ్రసుల్లో మిడిల్‌సెక్స్ అని ఇప్పటికీ రాస్తుంటారు. హేస్ హిల్లింగ్డన్ బరోలోకి వస్తుంది, సౌతాల్ ఈలింగ్‌లోకి. మనవాళ్లు ఎక్కువగా ఉండే స్లౌ అసలు లండన్ బరోయే కాదు, దానికి సొంత కౌన్సిల్ ఉంది. కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో "ఫైండ్ యువర్ లోకల్ కౌన్సిల్" పేజీకి వెళ్లి పోస్ట్‌కోడ్ కొట్టండి. తర్వాత ఆ కౌన్సిల్ సైట్‌లో మీ వార్డు పేరు, మీ కౌన్సిలర్ల పేర్లు చూసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కౌన్సిలర్ అంటే మన దగ్గర కార్పొరేటర్ అనుకోండి. చాలా వార్డులకు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఏది కౌన్సిల్ పని కాదో కూడా తెలిసి ఉంటే సగం తిరుగుడు తప్పుతుంది. బస్సులు, అంచున ఎర్రగీతలున్న పెద్ద రోడ్లు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చేతిలో ఉంటాయి. జీపీ అంటే మన ఏరియా డాక్టరు, ఆసుపత్రి, ఈ రెండూ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌వి. పోలీసు పని మెట్రోపాలిటన్ పోలీసుది, ఇక్కడ మెట్ అంటారు. మీ వీధి, మీ పార్కు, లైబ్రరీ, చెత్త, బడి సీటు, ఇంటి పక్క కట్టడానికి అనుమతి, ఇవన్నీ కౌన్సిల్‌వి.

2. ఇంట్లో దిగిన వారంలో కౌన్సిల్ ట్యాక్స్ ఖాతా తెరవండి

మన ఊళ్లో ఇంటిపన్ను ఓనరు కడతాడు. ఇక్కడ సాధారణంగా ఇంట్లో ఉంటున్నవాళ్లు కడతారు. ఈ తేడా తెలియక, "అద్దెలోనే కలిసి ఉందిలే" అనుకుని ఊరుకున్నవాళ్లకు ఆరు నెలల బాకీ ఒక్కసారి వచ్చి పడుతుంది. టెనెన్సీ, అంటే అద్దె ఒప్పందం, మొదలైన తేదీ నుంచే లెక్క కడతారు, మీరు చెప్పిన తేదీ నుంచి కాదు. బిల్లులు కలిపిన గది అద్దెకైతే కౌన్సిల్ ట్యాక్స్ ఎవరిదో ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకోండి.

ఇల్లు ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది బ్యాండ్లలో ఒకదానిలో ఉంటుంది. 1991 ఏప్రిల్ 1న ఆ ఇంటి ధర ఎంత ఉండేదో దాన్నిబట్టి బ్యాండ్ పెట్టారు. ఆ తర్వాత కట్టిన ఇళ్లకూ ఆ తేదీనాటి ధరే లెక్క. హెచ్ బ్యాండ్‌వాళ్లు డి బ్యాండ్‌కు రెండింతలు కడతారు. బిల్లులో కొంత వాటా లండన్ మేయర్ కార్యాలయానికి పోతుంది. మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు. పన్నెండు వాయిదాలు కావాలంటే అడగొచ్చు, నెలవారీ భారం కొంచెం తేలికవుతుంది.

ఇక అడిగి తెచ్చుకోవలసినవి:

- పెద్దవాళ్లలో ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు.
- అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పూర్తి మినహాయింపు.
- ఇద్దరిలో ఒకరు విద్యార్థి, ఒకరు ఉద్యోగి అయితే విద్యార్థిని లెక్కలోంచి తీసేస్తారు. అంటే ఒక్కరే ఉన్నట్టు, 25 శాతం తగ్గింపు. ఆ ఉద్యోగి విద్యార్థి వీసాకు డిపెండెంటుగా వచ్చిన భార్యో భర్తో అయితే పూర్తి మినహాయింపే వర్తించవచ్చు, కౌన్సిల్‌ను అడగండి. భార్య చదువుకుంటూ భర్త ఉద్యోగం చేసే జంటలు మనలో ఎన్నో. ఈ తగ్గింపు సంగతే తెలియని ఇళ్లు నేను చాలా చూశాను.

వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు) అని ఉంటే భయపడి ఇవి కూడా వదిలేస్తున్నారు. ఒంటరి నివాసి తగ్గింపు, విద్యార్థి మినహాయింపు పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే "కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్" మాత్రం వస్తుంది, దానికి అప్లై చేయకూడదు. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఫారం మీద ఏం రాసుందో రెండుసార్లు చదవండి.

కోర్సు ముగిసిన మర్నాటి నుంచి మినహాయింపు పోతుంది. గ్రాడ్యుయేట్ వీసాకు మారినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఇల్లు మారినా, ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా ఖాతా మూసేయమని చెప్పండి. ఎక్కువ కట్టి ఉంటే వెనక్కి ఇస్తారు. ఆ డబ్బు వచ్చేదాకా ఇక్కడి బ్యాంకు ఖాతా మూయకండి.

బిల్లు కట్టలేకపోతే దాచుకోవద్దు. వాయిదా తప్పితే ముందు రిమైండర్ వస్తుంది, ఆపైన ఏడాది మొత్తం ఒకేసారి అడుగుతారు, తర్వాత మెజిస్ట్రేట్ కోర్టు సమన్లు, వాటికి ఖర్చులు అదనం. రిమైండర్ రాగానే ఫోన్ చేసి వాయిదాలు మార్చమంటే చాలాసార్లు వింటారు.

3. అదే వారంలో ఓటు నమోదు చేసుకోండి

నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఇది. ఇండియన్ పాస్‌పోర్టుతో, స్టూడెంట్ వీసా అయినా వర్క్ వీసా అయినా డిపెండెంట్ అయినా, ఇక్కడ నివాసం ఉంటే మీకు ఓటు ఉంది. కామన్వెల్త్ పౌరులకు కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు హక్కుంది. పౌరసత్వం తీసుకున్నాకే అనుకుని పదేళ్లు ఊరుకున్నవాళ్లున్నారు.

గవ్ డాట్ యూకేలో "రిజిస్టర్ టు ఓట్" పేజీ తెరవండి. పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇస్తే ఐదు నిమిషాల పని. ఎన్నికకు 12 పని దినాల ముందే నమోదై ఉండాలి. ఫారంలో "ఓపెన్ రిజిస్టర్" అని ఒక గడి వస్తుంది. ఆ జాబితాను ఎవరైనా కొనుక్కోవచ్చు కాబట్టి అందులో వద్దని టిక్ పెట్టండి. ఓటు హక్కుకేమీ కాదు. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ చెకింగ్‌లో అడ్రస్ రుజువవుతుంది, ఫోన్ కాంట్రాక్టుకో లోన్‌కో వెళ్లినప్పుడు అది పనికొస్తుంది.

2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలి. మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. ఏ కార్డూ లేకపోతే కౌన్సిల్ ఉచితంగా ఓటర్ అథారిటీ సర్టిఫికెట్ ఇస్తుంది. బరో ఎన్నికలు నాలుగేళ్లకోసారి, 2022 మే 5 తర్వాత 2026 మే 7. వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లుంటే మీకు మూడు ఓట్లు. న్యూహామ్, క్రాయిడన్, హాక్నీ, లూయిషమ్, టవర్ హామ్లెట్స్ బరోల్లో మేయర్‌ను కూడా నేరుగా జనమే ఎన్నుకుంటారు. ఈ మేయర్ వేరు, మొత్తం లండన్ మేయర్ వేరు.

4. చెత్త: ఏ రోజు, ఏ డబ్బా

సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి క్యాలెండర్ డౌన్‌లోడ్ చేసి ఫ్రిజ్ మీద అంటించండి. రంగులు బరోను బట్టి మారతాయి, పాత ఇంటి అలవాటు కొత్త ఇంట్లో పనికిరాదు. ప్లాస్టిక్ డబ్బాలో కూర మిగిలి ఉండగానే రీసైక్లింగ్‌లో వేస్తే ఒక్కోసారి మొత్తం డబ్బాను వదిలేసి, మూత మీద స్టిక్కర్ అంటించి వెళ్లిపోతారు.

మన వంటింటికి బాగా పనికొచ్చేది ఆహార వ్యర్థాల చిన్న డబ్బా. కరివేపాకు రెబ్బలు, టీ పొడి, చింతపండు పిప్పి, ఎముకలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే. ఇంగ్లండ్‌లో ఇళ్ల నుంచి వారంవారం ఆహార వ్యర్థాలు సేకరించాలన్న నియమానికి 2026 మార్చి 31 గడువు పెట్టారు. డబ్బా రాకపోతే అడగండి. గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి. చల్లారాక సీసాలో పోసి మూత బిగించి, బరో రీసైక్లింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

పాత పరుపు, సోఫా ఉంటే కౌన్సిల్ బల్కీ వేస్ట్ సేవకు బుక్ చేసుకోవాలి. ఫేస్‌బుక్‌లో దొరికిన వ్యాన్ అబ్బాయికి ఇరవై పౌండ్లిచ్చి పంపేస్తే, అతను దాన్ని పార్కు పక్కన పడేసినప్పుడు పరుపులో దొరికిన కవరు మీద మీ అడ్రస్ ఉంటుంది. అతనికి లైసెన్సుందో లేదో చూడకుండా ఇచ్చినందుకు మీకే 600 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. పడేసినవాడికైతే 1,000 దాకా.

5. పిల్లల బడి

ఇందులో ఆలస్యం ఖరీదైనది. నాలుగేళ్లు నిండిన తర్వాత వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్, అంటే బడిలో మొట్టమొదటి క్లాసు, మొదలు. దరఖాస్తుకు ఆఖరి రోజు ఆ ఏడాది జనవరి 15, సీటు ఏప్రిల్ 16న చెబుతారు. సెకండరీకి అంతకుముందు అక్టోబర్ 31లోపు పెట్టాలి, మార్చి 1న తెలుస్తుంది. ఆ రోజు సెలవైతే మర్నాటి పని దినానికి జరుగుతుంది. బడి పక్క బరోలో ఉన్నా దరఖాస్తు మీరుంటున్న బరోకే.

లండన్‌లో ఆరు బడుల పేర్లు రాయొచ్చు. "ఒక్కటే రాస్తే ఖచ్చితంగా అదే ఇస్తారు" అని మన గ్రూపుల్లో తిరిగే మాట నమ్మకండి. మీరు ఎన్నో స్థానంలో రాశారో బడికి తెలియదు. ఇంటి దూరం, అక్కడే చదివే తోబుట్టువులు, ఇతర నియమాల ప్రకారం బడి తన వరస తను చూసుకుంటుంది. ఒకటి కంటే ఎక్కువ చోట్ల సీటు వస్తే, మీరు పైన రాసినది మీకు దక్కుతుంది. ఒక్కటే రాసి అది రాకపోతే, మిగిలిపోయిన సీట్లలో ఎక్కడుంటే అక్కడికే. కాబట్టి ఆరూ నింపండి. అందులో కనీసం ఒకటి, గత ఏడాది ఆఖరి సీటు ఎంత దూరం వాళ్లకు వచ్చిందో చూసి, మీ ఇంటికి తప్పక అందేదిగా ఉండాలి. ఆ దూరాలు చాలా కౌన్సిళ్ల అడ్మిషన్ పుస్తకంలో ఉంటాయి. ఒక బడి నర్సరీలో చదివినంత మాత్రాన అదే బడి రిసెప్షన్‌లో సీటు ఖాయం కాదు, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే.

అడ్రస్ రుజువుగా చాలాచోట్ల కౌన్సిల్ ట్యాక్స్ ఖాతానే చూస్తారు. రెండో అడుగు అంత ముందు పెట్టడానికి ఇది కూడా ఒక కారణం. విద్యాసంవత్సరం మధ్యలో ఇండియా నుంచి దిగితే "ఇన్-ఇయర్ అడ్మిషన్" ఫారం పెట్టండి.

మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటల ఉచిత నర్సరీ ఉంది, వీసాతో సంబంధం లేదు. ఉద్యోగులకిచ్చే 30 గంటలకు మాత్రం పబ్లిక్ ఫండ్స్ షరతు అడ్డొస్తుంది. లండన్ ప్రభుత్వ ప్రైమరీ బడుల్లో 2023 సెప్టెంబర్ నుంచి పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. శాకాహారమని ముందే రాసివ్వండి.

6. అద్దె ఇంటికి లైసెన్సు ఉందా?

మూడు గదుల ఇంట్లో ఎనిమిదిమందిని పెట్టి, హాల్లో కూడా పరుపులు వేసి, మనిషికింతని వసూలు చేసే ఇళ్లు ఉన్నాయి. ఓనరు మనవాడే కదా అని పిల్లలు నోరెత్తరు. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది వంటగదో బాత్రూమో పంచుకుంటే, ఆ ఇంటికి హెచ్‌ఎంఓ లైసెన్సు, అంటే పలు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇంటి లైసెన్సు, తప్పనిసరి. కొన్ని బరోల్లో ముగ్గురున్నా కావాలి. న్యూహామ్ 2013లోనే దాదాపు బరో మొత్తానికి అద్దె ఇళ్ల లైసెన్సు పెట్టింది.

లైసెన్సుల జాబితాను ఎవరైనా చూడొచ్చు. సైట్‌లో "హెచ్‌ఎంఓ రిజిస్టర్" అని వెతకండి, మీ ఇల్లు లేకపోతే హౌసింగ్ విభాగానికి రాయండి. గోడలు నల్లగా బూజు పట్టినా, హీటింగ్ పనిచేయకపోయినా వాళ్లే వచ్చి చూస్తారు. లైసెన్సు లేకుండా నడిపిన ఇంటికి కట్టిన అద్దెలో కొంత వెనక్కి ఇప్పించమని ట్రిబ్యునల్‌ను కూడా అడగొచ్చు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు 2026 మే 1 నుంచి రద్దయింది కాబట్టి, ఫిర్యాదు చేస్తే పంపేస్తారన్న భయం మునుపటంత అక్కర్లేదు.

7. పార్కింగ్, క్లుప్తంగా

వీధి మొదట్లో ఉన్న బోర్డు చదవండి, పర్మిట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, బంధువులొస్తే విజిటర్ పర్మిట్ కొనండి. టికెట్ పడితే 14 రోజుల్లో కడితే సగమే. తప్పుగా వేశారనిపిస్తే ఆ 14 రోజుల్లోనే ఫోటోలతో అభ్యంతరం రాయండి. కౌన్సిల్ ఒప్పుకోకపోతే చివరికి లండన్ ట్రిబ్యునల్స్‌కు అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

8. బరో వార్తలు ఎక్కడ తెలుసుకోవాలి

ముందు కౌన్సిల్ ఈమెయిల్ న్యూస్‌లెటర్‌కు పేరు ఇవ్వండి. లైబ్రరీ వేళలు, సెలవుల్లో పిల్లల కార్యక్రమాలు, ఉచిత ఇంగ్లీషు క్లాసులు అందులో వస్తాయి. అయితే అది కౌన్సిల్ తన గురించి తాను చెప్పుకునేది. కోతల గురించి, గొడవల గురించి తెలియాలంటే స్థానిక పత్రిక చదవాలి. కౌన్సిల్ సమావేశాలకు వెళ్లి రాసే విలేకరుల కోసమే బీబీసీ డబ్బుతో నడిచే లోకల్ డెమోక్రసీ రిపోర్టింగ్ అనే ఏర్పాటు ఉంది. ఆ విలేకరుల పేరు కింద వచ్చే వార్తలు వదలకండి.

బడ్జెట్ కాలం, అంటే జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా, తప్పకుండా గమనించండి. మామూలుగా కౌన్సిల్ ట్యాక్స్‌ను ఏడాదికి 5 శాతం లేదా అంతకు మించి పెంచాలంటే రెఫరెండం, అంటే జనం ఓటు, పెట్టాలి. డబ్బుకు కటకటలాడే కౌన్సిళ్లకు ప్రభుత్వం సడలింపు ఇస్తుంది. 2023లో క్రాయిడన్ దాదాపు 15 శాతం పెంచింది, 2025లో న్యూహామ్ 8.99 శాతం. న్యూహామ్‌లోని ఈస్ట్ హామ్‌లో మనవాళ్లు బిల్లు చూసి ఉలిక్కిపడ్డారు. ఆ ప్రతిపాదన వారాల ముందే కౌన్సిల్ కాగితాల్లో ఉంది.

తర్వాత, దీపస్తంభాలు చూడండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి టై బిగించి కట్టిన కాగితం, వానకు కవర్లో చెమ్మ చేరి అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. దాని పక్కనుంచే రోజూ స్టేషన్‌కు పోతుంటాం. అందులో పక్కింటిని ఫ్లాట్లుగా మార్చే దరఖాస్తో, మీ వీధికి పార్కింగ్ జోన్ పెట్టే ప్రతిపాదనో ఉంటుంది. ప్లానింగ్ దరఖాస్తులకు అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులు. రిఫరెన్స్ నంబర్ ఫోటో తీసుకుని సైట్‌లో ప్లాన్లు తెరిచి చూడండి. అభ్యంతరం రాసేటప్పుడు "మా ఇంటి ధర పడిపోతుంది" అంటే లెక్కలోకి తీసుకోరు. "మా వంటగదికి వెలుతురు పోతుంది, వాళ్ల కిటికీ నేరుగా మా పడకగదిలోకి చూస్తుంది, ఇప్పటికే వీధిలో వాహనాలు ఆగే చోటు లేదు" అంటే తీసుకుంటారు. నలభైమంది సంతకాల ఒక్క కాగితం కన్నా, ఎవరి ఇబ్బంది వాళ్లు సొంతమాటల్లో రాసిన పది ఉత్తరాలు మేలని నా అభిప్రాయం.

వాట్సాప్ గురించి ఒక మాట. 2024 ఆగస్టు మొదటి వారంలో వలసవచ్చినవాళ్లకు వ్యతిరేకంగా అల్లర్లు జరుగుతున్నప్పుడు, ఫలానా రాత్రి ఫలానా చోట్ల దాడులంటూ జాబితాలు ఫోన్లలో తిరిగాయి. దుకాణాలు పెందరాళే మూసేశారు. 7వ తేదీన ఆ జాబితాలో ఉన్న వాల్తమ్‌స్టోలో, జాత్యహంకారానికి ఎదురు నిలబడాలని వేలమంది వీధిలోకి వచ్చారు. అలాంటి సమయాల్లో ఫార్వర్డ్ చేసేముందు మెట్ పోలీసు స్థానిక ఖాతా, కౌన్సిల్ ఖాతా రెండూ చూడండి. పిల్లలున్న ఇళ్లలో ఒక్క తప్పుడు మెసేజ్ చాలు, రాత్రంతా ఎవరికీ కంటిమీద కునుకుండదు.

9. పని జరగకపోతే: నంబర్, కౌన్సిలర్, ఆంబుడ్స్‌మన్

స్టేషన్ నుంచి మా వీధికి ఒక సందు ఉంది. ఒక చలికాలం అందులో రెండు దీపాలు ఆరిపోయాయి. నాలుగున్నరకే చీకటి, పిల్లలు అందులోంచే బడి నుంచి రావాలి. ఆన్‌లైన్‌లో చెప్పాను, నంబర్ వచ్చింది. వారం తర్వాత "పని పూర్తయింది" అని మెయిల్ వచ్చింది. దీపాలు మాత్రం వెలగలేదు. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే మెయిల్.

మూడోసారి కౌన్సిలర్ సర్జరీకి వెళ్లాను. సర్జరీ అంటే డాక్టరు దగ్గర కాదు, కౌన్సిలర్ జనాన్ని కలిసే సమయం. మాది లైబ్రరీ వెనక గదిలో, నెలకొక శనివారం. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నాకన్నా ముందు ఒక పెద్దావిడ. రెండు రిఫరెన్స్ నంబర్లు, తేదీతో తీసిన మూడు ఫోటోలు, స్తంభాల మీద రాసి ఉన్న నంబర్లు కాగితం మీద పెట్టి ఇచ్చాను. కౌన్సిలర్ అక్కడికక్కడే ఫోన్‌లో మెయిల్ కొట్టింది. తొమ్మిదో రోజు సందులో వెలుతురు వచ్చింది. ఆ స్తంభం నంబర్లు మొదటి ఫిర్యాదులోనే రాసి ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో. మీరు రాయండి. నడుము ఎత్తుకు కొంచెం పైన చిన్న పలక మీద ఉంటాయి.

రోడ్డు గుంతలు, పారేసిన చెత్త లాంటివి ఫిక్స్‌మైస్ట్రీట్ వెబ్‌సైట్లో పెట్టినా సంబంధిత కౌన్సిల్‌కే చేరతాయి. కౌన్సిల్ దగ్గర ఉన్న సమాచారం కావాలంటే ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ కింద మెయిల్ రాయండి. మన ఆర్టీఐ లాంటిదే, 20 పని దినాల్లో జవాబివ్వాలి, కారణం చెప్పనక్కర్లేదు.

సేవలో లోపం వల్ల నష్టం జరిగితే ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు, జవాబు నచ్చకపోతే రెండో దశకు పంపమని అడగాలి. అక్కడా తేలకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ, లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజు లేదు. మామూలుగా సమస్య మీకు తెలిసిన రోజు నుంచి 12 నెలల్లోపు వెళ్లాలి. అందుకే మొదటి ఫిర్యాదు రోజే ఫోన్ క్యాలెండర్‌లో తేదీ, రిఫరెన్స్ నంబర్ రెండూ రాసి పెట్టుకోండి.